టైటాన్ మీద దిగుతూ తీసిన ఫొటోలు అంత మసగ్గా ఎందుకున్నాయి?

ఆమదాలవలసలో డిగ్రీ చదువుతున్న తమ్ముడొకడు అడిగిన ప్రశ్న ఇది: “శనిగ్రహానికి ఉన్న చందమామ టైటాన్ మీద 2005లో హైగెన్స్ అనే నౌక దిగుతూ తీసిన ఫొటోలు చూశాను. చిన్నవి, మసకవి, పైగా నలుపు తెలుపు. అప్పటికే ఫోన్లలో మెగాపిక్సెల్ కెమెరాలు వచ్చేశాయి కదా. అన్ని వేల కోట్లు పెట్టినవాళ్ళు మంచి కెమెరా ఎందుకు పెట్టలేదు?”

తమ్ముడూ, నేను శాస్త్రవేత్తని కాదు. పాతికేళ్ళుగా విజయనగరంలో కెమెరా పట్టుకుని బతుకుతున్నవాణ్ణి. మొదట్లో పెళ్ళి ఫొటోలు తీశాను, కొన్నేళ్ళుగా డ్రోన్‌తో పొలాల సర్వే చేస్తున్నాను. పై నుంచి కిందికి చూస్తూ ఫొటో తీస్తే ఎన్ని రకాలుగా దెబ్బ తినొచ్చో ఒంటికి పట్టింది. ఆ పిచ్చితోనే హైగెన్స్ కెమెరా గురించి దొరికిందల్లా చదివాను. అందుకే కొంచెం పెద్ద సమాధానమే రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు మెగాపిక్సెళ్ళ సంగతి తేల్చేద్దాం. హైగెన్స్ నేరుగా భూమికి ఫొటోలు పంపలేదు. అది దిగుతుంటే, తల్లి నౌక కాసిని సుమారు 60,000 కిలోమీటర్ల దూరం నుంచి తన పెద్ద డిష్‌ని టైటాన్ వైపు తిప్పి వింటూ కూర్చుంది. విన్నదంతా దాచుకుని, తర్వాత భూమి వైపు తిరిగి పంపింది. హైగెన్స్‌లో ఉన్నది బ్యాటరీలతో నడిచే చిన్న ట్రాన్స్‌మిటర్. దానికి రెండు రేడియో ఛానళ్ళు, ఒక్కో దాంట్లో సెకనుకి వెళ్ళేది 8,192 బిట్లు. పారాచూట్ మీద దిగడానికి పట్టింది దాదాపు 2 గంటల 27 నిమిషాలు. లెక్క కట్టు: మొత్తం ప్రయాణంలో ఒక ఛానల్ మోసేది 9 ఎంబీ. మా పెదనాన్న పొద్దున్నే వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ వీడియో అంత! అందులోనే గాలిని పరీక్షించే పరికరాలు, ఉష్ణోగ్రత, ఒత్తిడి కొలిచేవి, ఇంకా మిగతావన్నీ పంచుకోవాలి.

నువ్వన్నట్టు ఒక మెగాపిక్సెల్ కెమెరా పెట్టారనుకో. కుదించకుండా ఒక్క ఫొటో పంపడానికి పదహారు నిమిషాలు పడుతుంది. మిగతా పరికరాలన్నిటి నోరూ నొక్కేసినా ఆ ఛానల్‌లో తొమ్మిది ఫొటోలకి మించి రావు. నౌక ఆగి ఫోజివ్వదు కదా, ఆ పదహారు నిమిషాల్లో చాలా కిందికి దిగిపోతుంది. అందుకని వాళ్ళు తెలివిగా చిన్న ఫొటోలు ఎక్కువ తీసేలా కట్టారు. కిందికి చూసే కెమెరా ఫొటో 160 బై 256 చుక్కలు (పిక్సెళ్ళు). కాస్త ఏటవాలుగా చూసేది 176 బై 256. పక్కకి, దిగంతం దాటి కొంచెం పైదాకా చూసేది 128 బై 256. తమాషా ఏంటంటే ఈ మూడింటికీ వేరువేరు చిప్పులు లేవు. మూడు లెన్సుల నుంచి వచ్చే వెలుతురుని సన్నటి గాజు తీగల కట్టలతో వెలుతురుని పట్టి ఫొటోగా మార్చే ఒకే సీసీడీ చిప్పు మీదికి తెచ్చి, తలా కొంత చోటు ఇచ్చారు. ఒకే గదిలో మూడు కుటుంబాలు చాపలేసుకుని పడుకున్నట్టు. ఆ గాజు తీగల కట్టల వల్ల ఫొటో మీద కోళ్ళ గూటి వలలాంటి గీతలు పడతాయి, వాటిని తర్వాత కంప్యూటర్లో తీసేయాలి. నువ్వు చూసిన ముడి ఫొటోల్లో గళ్ళగళ్ళుగా ఉన్నదాంట్లో కొంత ఇది, కొంత కుదించి పంపడం వల్ల వచ్చింది.

ఈ కెమెరాని అరిజోనా యూనివర్సిటీ వాళ్ళు మార్టిన్ టొమాస్కో నాయకత్వంలో కట్టించారు. నౌక భూమిని వదిలింది 1997 అక్టోబర్ 15న. అంటే 2005 నాటి ఫోన్‌తో పోల్చకు. 1997కి ముందే డిజైన్ అయిపోయి, పెట్టెలో పెట్టి, ఏడేళ్ళు చలిలో ప్రయాణం చేసిన సామాను అది.

ఇక చుక్కల లెక్క ఒక్కటీ చూస్తే మోసపోతావు. డ్రోన్ సర్వేలో మేము ముందు అడిగేది ‘కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళు’ అని కాదు, ‘ఒక పిక్సెల్ నేల మీద ఎంత మేర’ అని. హైగెన్స్‌లో కిందికి చూసే కెమెరాకి కిలోమీటరు ఎత్తుకి ఒక మీటరు చొప్పున వస్తుంది. ఎనిమిది కిలోమీటర్ల ఎత్తులో ఒక చుక్క ఎనిమిది మీటర్లు, అంటే వంశధార గట్టు మీద వెళ్ళే లారీ ఒక చుక్కగా కనపడుతుంది. ఒక కిలోమీటరుకి దిగేసరికి ఆ చుక్క మీటరు అవుతుంది. దిగే నౌకకున్న గొప్పతనం ఇదే. జూమ్ లెన్స్ అక్కర్లేదు, కిందికి పడటమే జూమ్. ముందు పెద్ద పటం వస్తుంది, తర్వాత అదే పటం మధ్యలో ఇంకా వివరంగా, ఆ మధ్యలో ఇంకా వివరంగా. చంద్రుడి మీద 1964లో రేంజర్ 7 ఇదే పని చేసింది. గుద్దుకునే ముందు దాకా తీస్తూ నాలుగు వేల పైచిలుకు ఫొటోలు పంపింది. మన చంద్రయాన్-1 నుంచి 2008 నవంబర్ 14న విడిపోయి పడిన మూన్ ఇంపాక్ట్ ప్రోబ్ కూడా పడుతూ వీడియో తీసి పైనున్న తల్లి నౌకకి అందించింది. కానీ చంద్రుడి మీద గాలి లేదు, పొగమంచు లేదు, ఎండకి కొదవ లేదు. టైటాన్‌లో ఈ మూడూ అడ్డమే.

ఎండ సంగతి. శని దగ్గరికి చేరే ఎండ మనకొచ్చే దాంట్లో నూరో వంతు. దాన్ని టైటాన్ పొగమంచు ఇంకా మింగేస్తుంది. నేల మీదికి చేరేది మన పగటి వెలుతురులో సుమారు వెయ్యో వంతు. మరీ చీకటేం కాదు. పొద్దుగూకి ఓ పది నిమిషాలయ్యాక కళింగపట్నం తీరాన నిలబడితే ఎలా ఉంటుందో అలాంటిది. మనుషులు కనపడతారు, ఫోన్ తీసి క్లిక్ మంటే మాత్రం చెయ్యి కదిలిపోయినట్టు వస్తుంది. ఎందుకంటే వెలుతురు తక్కువైతే షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచాలి.

ఎక్కువసేపు తెరుద్దామంటే నౌక కుదురుగా ఉండదు. కావాలనే తిరిగేలా కట్టారు దాన్ని. అంచున చిన్న రెక్కలు పెట్టి, గాలి తగిలి గిర్రున తిరుగుతుంటే కెమెరా చుట్టూ అన్ని దిక్కులూ చూస్తుందని ఆలోచన. పైన పారాచూట్, కింద సుమారు రెండు వందల కిలోల బరువు, తిరుగుడు, ఊగుడు. మన పైడితల్లమ్మ సిరిమానోత్సవం చూశావు కదా. ఆ మాను చివర పూజారి గారు కూర్చునే చోట కెమెరా కట్టి, మాను ఊగుతూ మూడు లాంతర్ల దగ్గర జనంలోంచి వెళ్తుంటే, మసక వెలుతురులో జనం మొహాలు గుర్తుపట్టేలా తీయమను. అదీ పని. ఒక లెక్క చెప్తాను. నిమిషానికి ఒక్క చుట్టు తిరిగినా సెకనుకి ఆరు డిగ్రీలు. పక్కకి చూసే కెమెరాలో ఒక చుక్క వెడల్పు 0.2 డిగ్రీలు. సెకనులో ముప్పయ్యో వంతు షట్టర్ తెరిస్తే చాలు, బొమ్మ ఒక చుక్క మేర సాగిపోతుంది. చిన్న చుక్కలు పెట్టుకుని ఉంటే రెండు మూడు చుక్కల మేర సాగేది. అంటే మెగాపిక్సెళ్ళు పెంచినా పెరిగేది మసకే.

పొగమంచు ఇంకో తలనొప్పి. టైటాన్ గాలిలో ఎక్కువ భాగం నైట్రోజన్, మిగిలిన దాంట్లో ముఖ్యమైంది మీథేన్. మీథేన్‌ని ఎండ విడగొట్టి తయారుచేసే నారింజ రంగు మసి పై నుంచి కింది దాకా పరుచుకుని ఉంటుంది. 1980లో వాయేజర్ 1 అంత దగ్గరికెళ్ళి కూడా నారింజ రంగు బంతి తప్ప ఏమీ చూడలేకపోయింది. ఇలాంటి సన్నటి మసిలోంచి నీలం వెలుతురు చెదిరిపోతుంది, ఎరుపు కొంచెం దూరం వస్తుంది. భోగి మంట పొగలోంచి పొద్దున్న సూర్యుణ్ణి చూడు, ఎర్రగా ఉంటాడు. అందుకే హైగెన్స్ కెమెరాని 660 నుంచి 1000 నానోమీటర్ల దాకా, అంటే ఎరుపు నుంచి కంటికి కనపడని పరారుణం దాకా చూసేలా కట్టారు. అది రంగుల కెమెరా కాకపోవడానికి కారణం పిసినారితనం కాదు, రంగు కోసం నీలం, పచ్చ చూడబోతే పొగ తప్ప ఏమీ రాదు. ఇంత చేసినా 50 కిలోమీటర్ల పైనుంచి నేల ఆనవాలే దొరకలేదు. అక్కణ్ణించి 20 కిలోమీటర్లకి దిగేలోపు కొంచెం కొంచెంగా తేరుకుంది.

మరి నువ్వు చూసే ఉంటావు, నారింజ రంగు రాళ్ళ ఫొటో ఒకటి తిరుగుతూ ఉంటుంది. ఆ రంగు అబద్ధం కాదు, అలాగని కెమెరా తీసిందీ కాదు. అదే పరికరంలో వెలుతురుని రంగులుగా విడగొట్టి కొలిచే స్పెక్ట్రోమీటర్ ఉంది. అది ఇచ్చిన కొలతల్ని బట్టి నలుపు తెలుపు ఫొటోకి రంగు అద్దారు. మా స్టూడియోలో పాత నలుపు తెలుపు పెళ్ళి ఫొటోకి రంగులు వేయమని వస్తారు. చీర రంగు ఏదమ్మా అంటే ‘ముదురు ఆకుపచ్చ, జరీ అంచు’ అని ఆవిడ చెప్తుంది, మేము వేస్తాం. ఇక్కడ స్పెక్ట్రోమీటర్ ఆ పెద్దావిడ.

ఇప్పుడు అసలు బాధ దగ్గరికి వద్దాం. హైగెన్స్‌కి రెండు రేడియో ఛానళ్ళున్నాయని చెప్పాను కదా. చాలా పరికరాల వాళ్ళు ఒకే సమాచారాన్ని రెండింటిలోనూ పంపారు, ఒకటి పోయినా రెండోది ఉంటుందని. కెమెరా వాళ్ళు మాత్రం సగం ఫొటోలు ఒక దాంట్లో, సగం ఇంకో దాంట్లో పంపేలా చేశారు. అటు కాసినిలో మొదటి ఛానల్ రిసీవర్‌ని ఆన్ చేయమనే కమాండ్ యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ తయారుచేసిన కమాండ్ల వరుసలో రాయడం మరిచారు. ఫొటోలు హైగెన్స్ నుంచి బయల్దేరాయి, వినేవాడి చెవి మూసుకుని ఉంది. దాదాపు ఏడు వందల్లో 350 పైచిలుకు మాత్రమే చేతికొచ్చాయి.

ఇది చదివినప్పుడు నాకు గుండె జల్లుమంది. ఎందుకంటే నాకూ జరిగింది. బొబ్బిలి దగ్గర ఒక పెళ్ళి, అర్ధరాత్రి దాటాక ముహూర్తం. నా కెమెరాలో రెండు కార్డుల స్లాట్లుంటాయి. రెండింట్లోనూ ఒకే ఫొటో పడేలా పెట్టుకోవచ్చు, లేదా ఒకటి నిండితే రెండో దాంట్లోకి వెళ్ళేలా పెట్టుకోవచ్చు. కార్డు మార్చే పని తప్పుతుందని రెండోది పెట్టాను. జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు మొదటి కార్డులో పడ్డాయి. ఇంటికొచ్చి కంప్యూటర్లో పెడితే ఆ కార్డు తెరుచుకోలేదు. తెల్లారుజామున నాలుగున్నరకి, ట్యూబ్‌లైట్ కింద, కార్డు తీసి చొక్కాకి తుడిచి మళ్ళీ పెట్టాను, మళ్ళీ తీశాను. స్క్రీన్ మీద ‘ఫార్మాట్ చేయమంటారా’ అని అడుగుతోంది. వద్దు నాయనా అని నొక్కుతూనే ఉన్నాను. చివరికి పెళ్ళికూతురి నాన్నగారికి ఫోన్ చేసి నిజం చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘మా తోడల్లుడి కొడుకు ఫోన్లో ఏవో తీశాడండి, చూద్దాం’ అన్నారు. పందిట్లో చుట్టాలు తీసిన ఫోన్ ఫొటోలన్నీ పోగుచేసి ఆల్బమ్ కట్టాను.

హైగెన్స్‌కీ అలాంటి చుట్టాలు దొరికారు. పోయిన ఛానల్‌లోనే గాలి వేగాన్ని కొలిచే డాప్లర్ ప్రయోగం ఉంది, దానికి రెండో ఛానల్‌లో నకలు లేదు. కానీ అమెరికాలోని గ్రీన్ బ్యాంక్, ఆస్ట్రేలియాలోని పార్క్స్ లాంటి పెద్ద రేడియో టెలిస్కోపులు ఆ రోజు హైగెన్స్ సన్నటి గొంతుని భూమి నుంచే విన్నాయి. ఫొటోలు విడదీసేంత బలం ఆ సిగ్నల్‌కి లేదు గానీ, గాలి లెక్క మాత్రం చాలావరకు దక్కింది.

అప్పటినుంచీ పెళ్ళిళ్ళలో నేను రెండు కార్డుల్లోనూ ఒకే ఫొటో పడేలానే పెడతాను. మరి కెమెరా వాళ్ళు కూడా అలా చేయాల్సింది అంటావేమో. నేను చాలాకాలం అలాగే అనుకున్నాను, తర్వాత కాగితం మీద రాసుకుంటే తప్పని తేలింది. నా కార్డుల్లో చోటు బోలెడుంది, నకలు తీయడానికి పైసా ఖర్చు లేదు. హైగెన్స్‌కి చోటే లేదు. నకలు పంపి ఉంటే మొదటినుంచీ వాళ్ళకి దక్కేది సగం ఫొటోలే, అన్నీ సవ్యంగా జరిగినా సరే. విడదీసి పంపితే సవ్యంగా జరిగినప్పుడు మొత్తం, తేడా వస్తే సగం. అంటే లెక్కలో వాళ్ళు ఓడిపోయింది ఏమీ లేదు. ఓడిపోయింది ఇంకో చోట. 350 ఫొటోలే వస్తాయని ముందే తెలిస్తే వాటిని చుట్టూ సమంగా పంచుకుని తీసేవాళ్ళు. ఇప్పుడు ఎక్కడ పడితే అక్కడ చిల్లులు పడ్డాయి. పక్కపక్కన ఉండాల్సిన మూడు ఫొటోల్లో ఒకటో రెండో లేవు.

ఆ చిల్లుల పటాన్ని అతకడం ఎంత కష్టమో డ్రోన్ పనివాళ్ళకి తెలుస్తుంది. మేము ఒక పొలం తీస్తే పక్కపక్క ఫొటోలు డెబ్బై ఎనభై శాతం ఒకదాని మీద ఒకటి వచ్చేలా తీస్తాం. ఒక్కో ఫొటో ఎక్కడ, ఎటు చూస్తూ తీసిందో జీపీఎస్, దిక్సూచి రాసిపెడతాయి. హైగెన్స్‌కి అక్కడ జీపీఎస్ ఎక్కడిది? సూర్యుడు ఎటున్నాడో చూసి దిక్కు చెప్పే చిన్న సెన్సర్ పెట్టారు. అది కాసేపటికే సూర్యుణ్ణి పట్టుకోలేకపోయింది. పైగా నౌక అనుకున్న వైపు కాకుండా, దిగడం మొదలైన కొద్ది నిమిషాలకే ఎదురు వైపు తిరగడం మొదలుపెట్టింది. ఏ ఫొటో ఎటు చూస్తూ తీసిందో ఎవరికీ తెలియదు. అప్పుడు మిగిలిన దారి ఒక్కటే, ఫొటోల్లో ఉన్న ఆనవాళ్ళు పట్టుకుని అతకడం. ఈ వాగు మలుపు ఆ ఫొటోలోనూ ఉంది, అంటే ఇవి రెండూ పక్కపక్కవి. నేను ఓసారి నాగావళి ఇసుక తిన్నెల మీద ఎగరేశాను. ఇసుకంతా ఒకేలా ఉండటంతో సాఫ్ట్‌వేర్ చేతులెత్తేసింది. ఒక మూల పడి ఉన్న విరిగిన నాటు పడవ, రెండు తాటిచెట్లు పట్టుకుని చేత్తో అతికాను. మూడు రోజులు పట్టింది. వాళ్ళకి తాటిచెట్లు కూడా లేవు, నెలల తరబడి కూర్చుని ఎత్తు, వాలు, దిక్కు అన్నీ వెనక్కి లెక్కగట్టారు.

అలా అతికిన పటంలో ఏం కనపడిందో తెలుసా? తెల్లటి ఎత్తు నేల మీంచి నల్లటి చారలు పాయలు పాయలుగా వచ్చి, ఒకదాంట్లో ఒకటి కలిసి, కింద నల్లటి చదును నేలలోకి దిగుతున్నాయి. మన జిల్లా పటంలో వాగులు గెడ్డల్లో కలిసి, గెడ్డలు నాగావళిలో కలిసినట్టే. అక్కడ పారేది నీళ్ళు కాదు, మీథేన్ వాన. సున్నాకి కింద దాదాపు 180 డిగ్రీల చలిలో నీళ్ళు రాయి అయిపోతాయి, మీథేన్ పారుతుంది. ఒకే చోటుని రెండు ఎత్తుల నుంచి తీసిన ఫొటోలు జతచేసి, గుట్టల ఎత్తు కూడా కట్టారు.

చివర్లో ఏడు వందల మీటర్ల ఎత్తులో 20 వాట్ల చిన్న దీపం ఒకటి వెలిగించుకుంది హైగెన్స్. ఫొటో కోసం కాదు, నేల మీంచి తిరిగొచ్చే వెలుతురులో ఏ రంగులు తగ్గాయో చూసి పదార్థం పోల్చుకోవడానికి. తర్వాత సెకనుకి ఐదు మీటర్ల లోపు వేగంతో మెత్తగా దిగింది. దిగాక కూడా గంటకి పైగా బతికే ఉంది, కాసిని కనుమరుగయ్యే దాకా అదే చోటుని మళ్ళీ మళ్ళీ తీసి పంపింది. ఆ ఫొటోలో ముందున్న ఎడమ వైపు రాయి 15 సెంటీమీటర్లు, మధ్యలోది 4 సెంటీమీటర్లు, కెమెరాకి సుమారు 85 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి. మంచు గడ్డలవి. అంచులు చూడు, గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి. ఏట్లో దొర్లిన రాయి ఎలా ఉంటుందో నాగావళి ఒడ్డున ఆడుకున్న ఎవణ్ణడిగినా చెప్తాడు. నీకు మసగ్గా కనపడిన ఆ ఫొటోలో నాకు బాగా నచ్చేది ఆ అంచులే.

నీకు నిజంగా ఆసక్తి ఉంటే ఇంకో పని చెయ్యి. ఆ ముడి ఫొటోలు నాసా గ్రహాల సమాచార భాండాగారంలో అందరికీ ఉచితంగా ఉన్నాయి. 2005లో అవి బయటికొచ్చిన కొద్ది గంటల్లోనే ఇళ్ళల్లో కూర్చున్న ఔత్సాహికులు అతికి పటాలు చేసేశారు, నువ్వూ చేయొచ్చు. గాల్లో తీసినవాటి జోలికి ముందే పోకు, దిక్కులు తెలియక విసుగొస్తుంది. నేల మీద దిగాక తీసినవి వరసగా బోలెడున్నాయి, కెమెరా కదల్లేదు కాబట్టి అన్నీ ఒకటే దృశ్యం. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీయించు, ఉచిత సాఫ్ట్‌వేర్లు చాలానే ఉన్నాయి. పది ఫొటోలు కలిపేసరికి గరగర తగ్గుతుంది, ముప్పై కలిపాక రాళ్ళ వెనక నేల తేలుతుంది. అది వచ్చాక ఎనిమిది కిలోమీటర్ల ఎత్తులో తీసినవి పట్టుకో. వాగు పాయల దగ్గర మొదలుపెట్టు, చదును నేల దగ్గర కాదు.